చెడిన ఫోనుకు బదులు ఫోను: వారంటీ హక్కును సాధించుకొను విధము

పూర్వము ఊరికి వచ్చు కబురులన్నియు తపాలా సంచిలో వచ్చుచుండెడివి. నేడు తపాలా సంచి చేసిన పనిని, బ్యాంకు పుస్తకము చేసిన పనిని, కొంతవరకు కచేరీ గుమాస్తా చేసిన పనిని గూడ స్మార్ట్‌ఫోను ఒక్కటియే చేయుచున్నది. ఖాతాలో సొమ్ము జమ యైనదను సమాచారము దానికే వచ్చును. ఓటీపీ యను రహస్యసంఖ్య వచ్చునది దానికే. వలస వెళ్లిన కుమారుడు ఇంటికి డబ్బు పంపునది దానిద్వారానే. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి చేనేత పనివారు కొత్త డిజైను చూచుకొనునది సయితము దానిలోనే. 2023 జనవరి 1 నుండి ఉపాధి హామీ పనిచోట్ల కూలీల హాజరును ఫోనుద్వారా నమోదు చేయవలెనని కేంద్ర ప్రభుత్వము నియమము విధించినది. కావున ఫోను విలాసవస్తువని యెవరును అనజాలరు.

అట్టి ఫోను కొన్న రెండవ నెలలోనే మూగపోయినచో నష్టము దాని వెలతో ఆగదు. ఓటీపీ రాదు, డబ్బు చేతికందదు, పని కబురు తెలియదు. ఆ మనిషి దుకాణమునకు పోయినచో, "మాకు సంబంధము లేదు, కంపెనీవారితో మాటాడుకొనుము" అందురు. సర్వీసు సెంటరుకు పోయినచో, "నీరు తగిలినది" అందురు. కస్టమర్ కేర్‌కు ఫోను చేసినచో ఒకటి నొక్కుము, రెండు నొక్కుము అను యంత్రపు మాటయే వినబడును. రెండు దినముల కూలియు, బస్సు చార్జీయు పోగొట్టుకొని అతడు ఇంటికి వచ్చి, చెడిన ఫోనును గూటిలో పెట్టి, అప్పు చేసి మరియొకటి కొనును. చట్టము లేక ఈ నష్టము కలుగుట లేదు. అడిగినదంతయు నోటిమాటగా మిగిలిపోవుటయే దీనికి కారణము. వారంటీ కాగితము మీది హక్కు; దానిని కాగితముతోనే సాధింపవలెను. ఆ విధమును పంచాయతీ సభ్యులకు వివరింపదలచితిమి. ఏలయన, కష్టము వచ్చినప్పుడు గ్రామస్థులు మొదట తట్టునది మీ తలుపే.

వారంటీ యనగా నేమి?

వారంటీ దుకాణదారుని దయ కాదు. "ఇంత కాలములోపల మా తయారీలోని లోపము వలన వస్తువు చెడినచో, మా ఖర్చుతో బాగుచేసి యిత్తుము, లేదా మార్చి యిత్తుము" అని తయారు చేసిన సంస్థ వ్రాసి యిచ్చు వాగ్దానము. మనము చెల్లించు వెలలో ఈ వాగ్దానపు వెల కూడ చేరియున్నది. చాలా సంస్థలు ఫోనుకు ఒక సంవత్సరము, ఛార్జరు మొదలగు ఉపకరణములకు ఆరు నెలలు వారంటీ యిచ్చుచున్నవి. పెట్టెలోని కార్డులో ఎంత కాలమని యున్నదో అంతయే లెక్క. ఐరోపా సమాఖ్య దేశములలో అమ్మినవాడు కనీసము రెండు సంవత్సరములు లోపమునకు బాధ్యుడని చట్టమే నిర్ణయించినది. మన దేశములో అన్ని వస్తువులకు వర్తించునట్టి అటువంటి గడువు లేదు గనుక, కార్డును చదువుట మరింత ముఖ్యము.

అయినను మన చట్టములు కొనుగోలుదారుని విడిచిపెట్టలేదు. అమ్మిన వస్తువు తగిన నాణ్యత కలిగియుండవలెనని 1930 నాటి వస్తు విక్రయ చట్టము చెప్పుచున్నది. 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ఇంకను ముందుకు పోయినది. బిల్లు ఇయ్యకుండుట అక్రమ వ్యాపార విధానమని ఆ చట్టము ప్రకటించినది. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోపల, గడువు చెప్పనిచో 30 దినములలోపల, తిరిగి తీసికొని సొమ్ము వాపసు ఇయ్యకుండుట కూడ అట్టిదే. కావున "అమ్మిన వస్తువు వాపసు తీసికొనబడదు" అను ముద్ర బిల్లు మీద ఉన్నంతమాత్రమున జంకవలసిన పని లేదు. ఆ ముద్ర లోపమున్న వస్తువునకు రక్షణ కాజాలదు.

వారంటీకి హద్దులును కలవు. క్రింద పడి అద్దము పగిలినను, నీరు లోపలికి పోయినను, తగని ఛార్జరు వలన కాలినను వారంటీ సాధారణముగా వర్తింపదు. చాలా ఫోనులలో నీరు తగిలినచో రంగు మారు చిన్న చీటీ అంటింపబడియుండును. సర్వీసు సెంటరువారు దానిని చూచియే నిర్ణయింతురు. నాటు వేయునప్పుడు ఫోనును నడుమున దోపుకొనుట, మండుటెండలో ట్రాక్టరు మీద విడిచిపెట్టుట మన ప్రాంతములో సామాన్యము. ఇవి రెండును వారంటీకి శత్రువులే.

అన్నిటికంటె పెద్ద పొరపాటు మరియొకటి యున్నది. ఫోను చెడగానే దగ్గరి పట్టణములోని మెకానిక్ చేత విప్పించుట. కంపెనీ అనుమతి లేని చేయి లోపల పడినదని తేలినచో, సంస్థవారు వారంటీని నిరాకరించుటకు అది చాలును. వారంటీ గడువు ముగియునంతవరకు ఫోనును బయటివారిచే విప్పింపరాదు.

కొన్ననాడే చేయవలసిన పనులు

వారంటీ పోరు ఫోను చెడిననాడు కాదు, కొన్ననాడే మొదలగును. వంద రూపాయలు తగ్గింతుమని చెప్పి బిల్లు లేకుండ అమ్ముదురు. ఆ వంద రూపాయలకు మనము అమ్ముకొనునది ఒక సంవత్సరపు హక్కు. బిల్లులో దుకాణము పేరు, తేదీ, ఫోను రకము, వెల, ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య ఉండవలెను. ఈ సంఖ్య 15 అంకెలు గలది. ఎడ్ల బండికి నంబరు బిళ్ల వంటిది. రెండు సిమ్ములు పట్టు ఫోనుకు రెండు సంఖ్యలుండును. ఫోనులో *#06# అని నొక్కినచో ఆ సంఖ్య తెర మీద కనబడును. అది పెట్టె మీది సంఖ్యతోను, బిల్లులోని సంఖ్యతోను సరిపోవలెను. ఆంగ్లాక్షరములలో కె, వై, ఎం అని వ్రాసి, కొంచెము చోటు విడిచి, ఈ 15 అంకెలను చేర్చి 14422 కు సందేశము పంపినచో ఆ ఫోను సరియైనదో కాదో జవాబు వచ్చును.

బిల్లు సిరా కొన్ని నెలలకు మాసిపోవును. కావున ఆనాడే దానికి ఒక ఛాయాచిత్రము తీసి, ఇంటిలోని వేరొకరి ఫోనుకు గూడ పంపి యుంచవలెను. చెడిన ఫోనులోనే బిల్లు చిత్రము ఉన్నచో ప్రయోజనము లేదు గదా.

మరమ్మతా, మార్పా?

"ఫోను చెడినది, కొత్తది ఇయ్యుడు" అని అందరును అడుగుదురు. వారంటీ కార్డులు మాత్రము బాగుచేయుటయా, మార్చుటయా అను నిర్ణయమును చాలవరకు సంస్థకే విడిచిపెట్టును. ఇది తెలిసికొని అడిగినచో నిరాశ తగ్గును. మార్పు కోరుటకు బలమైన సందర్భములు మూడు: పెట్టె విప్పిననాడే గాని, సంస్థ చెప్పిన కొద్ది దినములలో గాని లోపము కనబడుట, ఒకే లోపము బాగుచేసిన తరువాత మరల మరల వచ్చుట, విడిభాగము దొరకక ఫోను వారముల తరబడి సర్వీసు సెంటరులోనే యుండుట. రెండవ, మూడవ సందర్భములను రుజువు చేయునది కాగితమే. ఫోనును ఎన్ని మారులు ఇచ్చితిమో, ఏ తేదీన ఇచ్చితిమో చూపలేనిచో, "ఇదే మొదటి మారు" అని అవతలివారు అనవచ్చును.

బ్యాటరీ ఉబ్బినను, ఫోను మితిమీరి వేడెక్కినను మరమ్మతు సంగతి తరువాత చూడవచ్చును. మొదట ఛార్జింగు ఆపి, ఫోనును పక్కకు దూరముగా ఉంచవలెను. 2016 సెప్టెంబరులో దక్షిణ కొరియాకు చెందిన శామ్‌సంగ్ సంస్థ గెలాక్సీ నోట్ 7 అను ఫోనులలో బ్యాటరీలు అంటుకొనుచున్నవని సుమారు 25 లక్షల ఫోనులను వెనుకకు పిలిచినది. బదులిచ్చిన ఫోనులు సయితము కాలుటతో అక్టోబరులో ఆ రకపు తయారీనే నిలిపివేసినది. ఎంత పెద్ద సంస్థ వస్తువులోనైనను లోపము ఉండవచ్చుననియు, లోపము రుజువైనచో ఎంత పెద్ద సంస్థయైనను బదులు ఇయ్యక తప్పదనియు దీనివలన తెలియుచున్నది.

కస్టమర్ కేర్‌తో మాటాడు విధము

మొదట కస్టమర్ కేర్ సంఖ్యను వారంటీ కార్డు మీదనో, పెట్టె మీదనో చూచి తీసికొనవలెను. గూగుల్‌లో వెదకి దొరికిన సంఖ్యకు ఫోను చేయరాదు. కంపెనీ పేర దొంగ సంఖ్యలు పెట్టి, "పది రూపాయలు కట్టుము, ఈ యాప్ వేసికొనుము, ఓటీపీ చెప్పుము" అని ఖాతాలను ఊడ్చువారు కలరు. వారంటీ ఫిర్యాదుకు ఓటీపీతో పాటు బ్యాంకు వివరములు గాని, యు.పి.ఐ. పిన్ గాని అడుగుచున్నారన్నచో అది మోసమని తెలిసికొనవలెను. మోసపోయినచో ఆలస్యము చేయక 1930 కు ఫోను చేసి ఫిర్యాదు చేయవలెను.

మాటాడునప్పుడు బిల్లు, ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య, ఒక కలము దగ్గర ఉంచుకొనవలెను. తెలుగులో మాటాడువారిని కోరవచ్చును. "ఫోను పాడైనది" అనుట చాలదు. "ఛార్జింగు పెట్టినను వెలుగుట లేదు", "మాట అవతలివారికి వినబడుట లేదు", "దినమునకు ఐదారు మారులు దానంతటదే ఆగిపోవుచున్నది" అని లోపమును విడదీసి చెప్పవలెను. చివర ఫిర్యాదు సంఖ్యను అడిగి, తేదీతోను, మాటాడినవారి పేరుతోను వ్రాసికొనవలెను. ఫిర్యాదు సంఖ్య లేని సంభాషణ జరగని సంభాషణతో సమానము. అదే విషయమును సంస్థ మెయిల్‌కు గూడ వ్రాసి పంపినచో చెరగని సాక్ష్యము ఏర్పడును.

సర్వీసు సెంటరులో జాగ్రత్తలు

మన గ్రామములనుండి అధికృత సర్వీసు సెంటరుకు పోవలెనన్న నల్లగొండకో, మహబూబ్‌నగరుకో, కొన్ని సంస్థల విషయములో హైదరాబాదుకో పోవలసియుండును. కావున సెంటరు ఎక్కడ ఉన్నదో, ఏ దినములలో తెరచియుండునో ముందుగానే కస్టమర్ కేర్‌ను అడిగి బయలుదేరవలెను. ఇంటికి వచ్చి తీసికొనిపోవు ఏర్పాటున్నదా యని కూడ అడుగవలెను.

ఫోనును అప్పగించుటకు ముందు, అది వెలుగుచున్నచో, ఫోటోలు, సంఖ్యలు వేరొకచోట దాచుకొని, బ్యాంకు యాప్‌లను తొలగింపవలెను. సిమ్మును, మెమరీ కార్డును తీసి దగ్గర ఉంచుకొనవలెను. అప్పగింపగానే జాబ్‌షీటు అను రసీదు తీసికొనవలెను. అందులో మనము చెప్పిన లోపము, ఫోను బయటి స్థితి, అప్పగించిన తేదీ ఉండవలెను. అద్దము మీద గీతలేనిచో లేవని వ్రాయించుకొనుట మంచిది. "నీరు తగిలినది", "పగిలినది" అని వారంటీ నిరాకరించినచో, ఆ కారణమును కాగితము మీద వ్రాసి యిమ్మని మర్యాదగా అడుగవలెను. వ్రాతపూర్వకమైన నిరాకరణ తరువాతి మెట్టునకు నిచ్చెన.

ఆన్‌లైన్‌లో కొన్నచో

ఇంటికి పార్సిలుగా వచ్చు ఫోనుకు గూడ ఇదే న్యాయము. 2020 జూలైలో వెలువడిన ఈ-కామర్సు నియమముల ప్రకారము ప్రతి సంస్థయు ఫిర్యాదుల అధికారిని నియమింపవలెను. అతడు ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, ఒక నెలలోపల పరిష్కరింపవలెను. లోపమున్న వస్తువును తిరిగి తీసికొనుటకు అమ్మకందారు నిరాకరింపరాదు. పార్సిలును విప్పునప్పుడు ఇంకొకరి ఫోనుతో వీడియో తీయించుట మంచి సాక్ష్యము.

1915: రెండవ మెట్టు

సంస్థ కదలనిచో 1915 కు ఫోను చేయవచ్చును. ఇది కేంద్ర ప్రభుత్వపు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము. ఇక్కడ తెలుగులో మాటాడవచ్చును. మన ఫిర్యాదును నమోదు చేసి, ఒక సంఖ్య ఇచ్చి, సంస్థకు పంపి జవాబు రప్పింతురు. ఇది న్యాయస్థానము కాదు, తీర్పు చెప్పదు. అయినను ఒక్క కూలీ అడిగినప్పుడు కదలని సంస్థ, ప్రభుత్వ కేంద్రము ద్వారా అడుగగా కదలుట కద్దు. దీనికి రుసుము లేదు.

జిల్లా కమిషను: చివరి మెట్టు

అప్పటికిని న్యాయము జరుగనిచో జిల్లా వినియోగదారుల వివాదముల పరిష్కార కమిషనును ఆశ్రయింపవచ్చును. నల్లగొండలోను, మహబూబ్‌నగరులోను ఇట్టి కమిషనులు కలవు. 2016 తరువాత ఏర్పడిన కొత్త జిల్లాలవారు తమ గ్రామము ఏ కమిషను క్రిందికి వచ్చునో విచారించుకొని పోవలెను. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకొని తీరవలెనను నియమము లేదు. లోపము ఏర్పడిన నాటినుండి రెండు సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవలెను. 2025 జనవరి 1 నుండి ఈ-జాగృతి అను వేదిక ద్వారా ఇంటినుండియే ఫిర్యాదు దాఖలు చేయు వీలు కలిగినది.

పాలమూరు, నల్లగొండ ప్రాంతములకు 2019 నాటి చట్టము చేసిన మేలు ఒకటి ప్రత్యేకముగా చెప్పదగియున్నది. కల్వకుర్తి ప్రాంతపు కూలీ ఒకరు ముంబయిలో పనిచేయుచు అక్కడ ఫోను కొని, పండుగకు ఇంటికి వచ్చినారనుకొందము. ఇక్కడ ఫోను చెడినది. 1986 నాటి పాత చట్టము ప్రకారము సాధారణముగా అవతలివారు వ్యాపారము చేయుచోటనో, వివాదమునకు కారణము పుట్టినచోటనో దావా వేయవలసియుండెడిది. కొత్త చట్టము ప్రకారము ఫిర్యాదుదారు తాను నివసించుచోటనే వేయవచ్చును. అనగా ముంబయి దుకాణము మహబూబ్‌నగరు కమిషనుకు జవాబు చెప్పవలెను. గల్ఫు దేశములలో కొనితెచ్చిన ఫోను సంగతి మాత్రము వేరు. కొన్ని సంస్థల వారంటీ కొన్న దేశమునకే పరిమితము. కొనునప్పుడే కార్డు చూచుకొనవలెను.

కమిషను నోటీసు అందిన తరువాత అవతలివారు 30 దినములలో జవాబు ఇయ్యవలెను; కమిషను ఇష్టపడినచో మరి 15 దినములు పొడిగింపవచ్చును. వస్తువును పరీక్షకు పంపనక్కరలేనిచో మూడు నెలలలోను, పంపవలసినచో ఐదు నెలలలోను వివాదమును తేల్చుటకు ప్రయత్నింపవలెనని చట్టము చెప్పుచున్నది. లోపము సరిచేయుడనియు, లోపములేని కొత్త వస్తువు ఇయ్యుడనియు, వెల తిరిగి చెల్లింపుడనియు, నష్టపరిహారము ఇయ్యుడనియు ఆజ్ఞాపించు అధికారము కమిషనుకు కలదు. ఆజ్ఞను ధిక్కరించినవారికి జైలుశిక్షయు, జరిమానాయు పడవచ్చును.

"ఇవన్నియు పట్టణవాసుల చట్టములు, మనవంటివారికి ఎక్కడ దక్కును?" అని కొందరు అనవచ్చును. వారికి విత్తనముల కేసు జవాబు చెప్పును. జాతీయ విత్తన సంస్థ అమ్మిన విత్తనములు సరిగా పండలేదని ఆంధ్రప్రదేశ్ రైతులు కొందరు జిల్లా ఫోరములకు ఎక్కిరి. మహబూబ్‌నగరు, కర్నూలు, గుంటూరు, ఖమ్మము, కాకినాడ ఫోరములు రైతులకు నష్టపరిహారము ఇప్పించినవి. సంస్థ అప్పీలు మీద అప్పీలు చేసి సుప్రీంకోర్టు వరకు పోయినది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు రైతులు వినియోగదారులేనని చెప్పి, ఫోరముల తీర్పులను నిలిపినది. విత్తుటకు కొన్న విత్తనములలో కొన్నిటిని పరీక్షకై దాచియుంచవలెనని రైతునుండి ఆశింపరాదనియు పేర్కొన్నది. నాగలి పట్టు చేతులు ప్రభుత్వ సంస్థ మీదనే గెలిచినప్పుడు, ఫోను పట్టు చేతులు జంకనేల?

పంచాయతీ చేయదగినది

ఇందుకు నిధులు అక్కరలేదు. చదువు వచ్చిన ఒక సభ్యుడో సభ్యురాలో వారమునకు ఒక గంట కేటాయించి, గ్రామస్థుల ఫిర్యాదులు వ్రాసి పెట్టినచో చాలును. 1915, 1930, 14422 అను మూడు సంఖ్యలను, వాని ఉపయోగమును పంచాయతీ కార్యాలయము గోడ మీద పెద్ద అక్షరములతో వ్రాయింపవచ్చును. గ్రామసభలో ఒక మారు బిల్లు సంగతి చెప్పవచ్చును. స్వయం సహాయక సంఘముల స్త్రీలకు చెప్పినచో ఈ మాట ప్రతి యింటికి చేరును. ఒకే దుకాణము మీద పలువురు ఫిర్యాదు చేయుచున్నచో, ఆ కాగితములను ఒకచోట చేర్చి పంపుట బలము.

ఫిర్యాదు వ్రాయుటకు నమూనా ఇచ్చట ఇచ్చుచున్నాము:

"అయ్యా, నేను ... తేదీన ... దుకాణములో ... రూపాయలకు ... రకపు ఫోను కొంటిని. బిల్లు సంఖ్య ... ; ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య ... . ... తేదీనుండి ఈ లోపము కనబడుచున్నది: ... . ... తేదీన మీకు ఫోను చేయగా ... అను ఫిర్యాదు సంఖ్య ఇచ్చితిరి. ... తేదీన సర్వీసు సెంటరులో అప్పగించితిని, జాబ్‌షీటు సంఖ్య... . లోపము తీరలేదు. వారంటీ గడువు ఇంకను ఉన్నది. కావున 15 దినములలోపల ఫోనును మార్చి యియ్యవలెననియు, వీలుకానిచో వెల తిరిగి చెల్లింపవలెననియు కోరుచున్నాను. లేనిచో జిల్లా కమిషనును ఆశ్రయింతును. బిల్లు, జాబ్‌షీటు నకళ్లు జత చేసితిని."

దీనిని మెయిల్ ద్వారానో, రసీదు వచ్చు తపాలా ద్వారానో పంపి, ఒక ప్రతిని దాచుకొనవలెను. అసలు బిల్లును ఎవరికిని ఇయ్యరాదు. నకలు మాత్రమే ఇయ్యవలెను.

పదివేల రూపాయల ఫోను పట్టణపు వ్యాపారికి ఒక అమ్మకము. కూలీ కుటుంబమునకు అది నెల కష్టము. ఆ కష్టము వృథా పోకుండ కాపాడుటకు కావలసినవి ఒక బిల్లు, ఒక జాబ్‌షీటు, ఒక ఫిర్యాదు సంఖ్య, వానిని వరుసగా పేర్చి వ్రాయగల ఒక సహాయకుడు. మొదటి మూడును గ్రామస్థులు దాచుకొందురు గాక. నాలుగవది పంచాయతీ సభ్యులు కావలెనని కోరుచున్నాము.